మాత్రతోపాటు పాఠము

తరగతిలో బాలిక కళ్ళు తిరిగి కూలబడినచో, ఉదయము తినలేదని మందలించి ఊరకుందుము, రక్తహీనతయేమోయని తలంపము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి, బాలురలో 31 మందికి రక్తహీనత కనబడినది.

పాఠశాలలలో వారమునకొకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రల నిచ్చు పథకము కలదు. కాని కారణము తెలుపక యిచ్చిన మాత్ర కిటికీ దాటిపోవును. భోజనానంతరము మ్రింగిన కడుపులో త్రిప్పుట తగ్గుననియు, మలము నల్లబడినను భయము లేదనియు, నిమ్మరసము ఇనుమును ఒంటబట్టించుననియు, వెంటనే త్రాగిన తేనీరు ఆ మేలును తగ్గించుననియు ఉపాధ్యాయులు చెప్పవలెను.

నెలనెల రక్తము పోవుటయు నొక కారణమే. కావున ఋతుధర్మమును గూర్చి సంకోచింపక బోధింపవలెను, బాలురును వినవలెను. విన్నవాడు పరిహసింపడు. ఈ పాఠమునకు వారమున కొక్క గంట కేటాయింపుడని ప్రధానోపాధ్యాయులకు నా మనవి.