నీల్ యంగ్: ఆల్బమ్ గొప్పదా, కాన్సర్ట్ గొప్పదా?

ఈరోజు ఎపిసోడ్ ఒక పాత గొడవ గురించి. ఏ సింగర్ ఫ్యాన్స్‌ని ఒక దగ్గర కూర్చోబెట్టినా అరగంటలో ఈ గొడవ మొదలవుతుంది. మనం డబ్బులు పెట్టి కాన్సర్ట్‌కి వెళ్లేది మనకు తెలిసిన పాట తెలిసినట్టు వినడానికా? లేకపోతే ఆ మనిషి ఈరోజు ఏం పాడాలనుకుంటున్నాడో అది వినడానికా?

ఈ గొడవ నీల్ యంగ్ ఫ్యాన్స్‌లో జరిగినంత గట్టిగా ఇంకెక్కడా జరగదేమో. కెనడా వాడు, 1945లో టొరంటోలో పుట్టాడు. వయసు మీద పడినా గిటార్ దించలేదు. పేరు ఎప్పుడూ వినకపోయినా పర్లేదు. ఎపిసోడ్ చివర్లో ఏది ముందు వినాలో, ఏది తర్వాత వినాలో చెప్తాను.

ముందు ఆల్బమ్ పార్టీ సంగతి చూద్దాం. వీళ్ల జెండా ‘హార్వెస్ట్’. 1972 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ సంవత్సరం అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్ అదే. అందులో ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ అమెరికాలో నంబర్ వన్ అయింది. ఇన్నేళ్ల కెరీర్‌లో ఆయనకి అక్కడ అదొక్కటే నంబర్ వన్ సింగిల్. అకూస్టిక్ గిటార్, హార్మోనికా, వెనకాల గొంతు కలిపింది లిండా రాన్‌స్టాట్, జేమ్స్ టేలర్. మెత్తగా, పొద్దున్నే ఫిల్టర్ కాఫీ తాగుతూ వినేలా ఉంటుంది. అప్పటికి ఆయన వయసు 26. ఇంకో ఇరవై ఏళ్లు అలాంటివే చేసుకుంటూ పోతే హాయిగా బతికేయొచ్చు.

ఆ హార్వెస్ట్‌లోనే ఒక పాట మిగతావాటిలా ఉండదు. ‘ద నీడిల్ అండ్ ద డ్యామేజ్ డన్’. రెండు నిమిషాల పాట, ఒక్క గిటార్, ఒక్క గొంతు. హెరాయిన్‌కి అలవాటు పడి పాడైపోతున్న స్నేహితుల గురించి. అది స్టూడియోలో తీసింది కాదు. 1971 జనవరిలో లాస్ ఏంజిలిస్ యూనివర్సిటీలో జరిగిన కాన్సర్ట్ రికార్డింగ్‌ని ఆల్బమ్‌లో అలాగే పెట్టేశారు, చివర్లో చప్పట్లు కూడా వినిపిస్తాయి. అంటే ఆల్బమ్ పార్టీ వాళ్ల జెండాలోనే ఒక లైవ్ పాట ఉందన్నమాట.

ఆ పాట వెనక ఉన్న మనుషుల్లో డానీ విట్టెన్ ఒకడు. నీల్ బ్యాండ్ ‘క్రేజీ హార్స్’లో గిటారిస్ట్. 1972 చివర్లో, హార్వెస్ట్ సక్సెస్ తర్వాత పెద్ద టూర్‌కి రిహార్సల్స్ జరుగుతున్నాయి. డానీని పిలిపించారు. వచ్చాడు గానీ వాయించలేకపోయాడు. నీల్ అతని చేతిలో యాభై డాలర్లు, ఒక టికెట్ పెట్టి వెనక్కి పంపేశాడు. ఆ రాత్రే డానీ చనిపోయాడు.

ఒక్కసారి ఆలోచించండి. రెండు నెలల్లో టూర్ మొదలు. పెద్ద పెద్ద హాళ్లు, అందరూ హార్ట్ ఆఫ్ గోల్డ్ కోసం వస్తున్నారు. స్టేజ్ మీద ఉన్నవాడి మనసు ఎక్కడుంటుంది?

1973 జనవరి నుంచి మూడు నెలల్లో అరవైకి పైగా షోలు చేశాడు. గొంతు పాడైపోయింది. జనం తెలిసిన పాటలు అడుగుతుంటే ఈయన గట్టిగా ఎలక్ట్రిక్ గిటార్‌తో ఎవరూ వినని కొత్త పాటలు వాయించాడు. ఆ టూర్ రికార్డింగ్సే ‘టైమ్ ఫేడ్స్ అవే’ ఆల్బమ్‌గా వచ్చాయి. మామూలుగా లైవ్ ఆల్బమ్ అంటే హిట్లన్నీ చప్పట్లతో మళ్లీ అమ్మడం. ఇందులో ఒక్క హిట్ లేదు, అన్నీ కొత్తవే. తన ఆల్బమ్స్‌లో ఇదే అన్నిటికంటే చెత్తది అని తర్వాత ఆయనే చెప్పాడు. దశాబ్దాల పాటు సీడీగా కూడా రానివ్వలేదు. కానీ కాన్సర్ట్ పార్టీ ఫ్యాన్స్‌కి అదే భగవద్గీత!

ఆగలేదు. 1973 వేసవిలో వాళ్ల దగ్గర పనిచేసిన రోడీ బ్రూస్ బెర్రీ కూడా డ్రగ్స్‌తో చనిపోయాడు. రోడీ అంటే టూర్‌లో సామాన్లు మోసి, గిటార్లు సర్ది పెట్టే మనిషి. ఇద్దరినీ తలుచుకుంటూ బ్యాండ్ అంతా రాత్రుళ్లు తాగి, శ్రుతి తప్పినా పట్టించుకోకుండా వాయించి రికార్డ్ చేసిందే ‘టునైట్స్ ద నైట్’. ఆల్బమ్ బయటికి వచ్చింది 1975లో. కానీ 1973 చివర్లోనే ఆ పాటలు పట్టుకుని ఇంగ్లండ్ టూర్‌కి వెళ్లిపోయాడు. హాల్లో ఉన్న ఒక్కరికి కూడా పాటలు తెలియవు. జనం గొణుగుతున్నారు. అప్పుడు ఆయన మైక్ దగ్గరికి వచ్చి, ఇప్పుడు మీరు ఇంతకుముందు విన్న పాట వాయిస్తాను అన్నాడు. అందరూ ఖుషీ. తీరా చూస్తే, షో మొదట్లో వాయించిన టునైట్స్ ద నైట్‌నే మళ్లీ అందుకున్నాడు!

నవ్వొస్తుంది కదా. ఇప్పుడు టికెట్ కొన్నవాడి వైపు నుంచి చూడండి. అతను వారమంతా పని చేసి, దాచుకుని, లైన్‌లో నిలబడి కొన్నాడు. అతను అడిగేది తప్పా? మన దగ్గర పద్యనాటకాల రోజుల్లో ‘వన్స్ మోర్’ అంటే చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ పాడేదని పెద్దవాళ్లు చెప్పుకుని నవ్వుతారు. ప్రేక్షకుడు దేవుడు అనే లెక్క అది. ఇప్పటికీ మన స్టేజ్ షోల్లో సింగర్ ట్యూన్ కొంచెం మార్చినా, ఒరిజినల్‌లా లేదు అని వెంటనే అనేస్తాం. ఆ పాట వెనక మన ఫస్ట్ ఇయర్ హాస్టల్, మన బస్సు ప్రయాణాలు ఉంటాయి. దాన్ని ముట్టుకుంటే మన జ్ఞాపకాన్ని ముట్టుకున్నట్టే. అందుకే ఆల్బమ్ పార్టీని నేను తేలిగ్గా తీసిపారేయను.

కానీ ఇంకో వైపు ఉంది. హార్వెస్ట్‌కి ఏడాది ముందు, 1971 జనవరి 19న, నీల్ టొరంటోలో మాసీ హాల్ స్టేజ్ ఎక్కాడు. ఒక్కడే. గిటార్, పియానో. అక్కడ హార్ట్ ఆఫ్ గోల్డ్ పాడాడు, కానీ మనకు తెలిసిన రూపంలో కాదు. పియానో మీద ‘ఎ మ్యాన్ నీడ్స్ ఎ మెయిడ్’ అనే ఇంకో పాట మధ్యలోంచి మెల్లగా పుట్టుకొస్తుంది. ఇది ఒక రోజు నంబర్ వన్ అవుతుందని హాల్లో ఎవరికీ తెలియదు. ప్రొడ్యూసర్ డేవిడ్ బ్రిగ్స్ ఈ రికార్డింగ్‌నే ఆల్బమ్‌గా వేద్దామన్నాడు. నీల్ వినలేదు, ఆయన ధ్యాసంతా హార్వెస్ట్ మీదే. చివరికి అది 2007లో బయటికి వచ్చింది. విని చాలామంది ఫ్యాన్స్ ఇదే హార్వెస్ట్ కంటే బాగుంది అన్నారు.

నా పాయింట్ ఇక్కడుంది. మనం ‘ఒరిజినల్’ అంటున్నది నిజానికి ఏంటి? కాన్సర్ట్ వెర్షన్ ముందు పుట్టింది, స్టూడియో వెర్షన్ తర్వాత వచ్చింది. మనం కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే, ఆల్బమ్ అనేది ఒక రిలీజ్. ఆ తేదీకి పాట ఎలా ఉందో అలా ప్యాక్ చేసి పంపించారు. రిలీజ్ అయిపోయిందని డెవలప్‌మెంట్ ఆగదు కదా.

1979లో వచ్చిన ‘రస్ట్ నెవర్ స్లీప్స్’ చూడండి. అందులో ఎక్కువ పాటలు 1978 కాన్సర్ట్‌లలో రికార్డ్ చేసినవే. చప్పట్లు చాలావరకు తీసేసి, పైన కొంచెం మెరుగులు పెట్టి స్టూడియో ఆల్బమ్‌లా ఇచ్చారు. ఒకే పాటతో మొదలై అదే పాటతో ముగుస్తుంది. మొదట అకూస్టిక్, చివర చెవులు చిల్లులు పడే ఎలక్ట్రిక్. మరి అది ఆల్బమా, కాన్సర్టా? ఏ పార్టీ లెక్కలో వేస్తారు?

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. 1982 చివర్లో ‘ట్రాన్స్’ అనే ఆల్బమ్ వచ్చింది. సింథసైజర్లు, గొంతుని రోబోలా మార్చే వోకోడర్. ఫ్యాన్స్ బెంబేలెత్తిపోయారు. తర్వాతి ఆల్బమ్ పాతకాలపు రాక్ అండ్ రోల్, మొత్తం కలిపి పాతిక నిమిషాలు. 1983లో రికార్డ్ కంపెనీ గెఫెన్ ఆయన మీద 33 లక్షల డాలర్లకి కేసు వేసింది. ఆరోపణ ఏంటో తెలుసా? నీల్ యంగ్ చేసే మ్యూజిక్ నీల్ యంగ్‌లా లేదని! తర్వాత రాజీ అయింది.

ఆ రోబో గొంతు ఎందుకో తర్వాత చెప్పాడు. ఆయన చిన్న కొడుకు బెన్‌కి సెరిబ్రల్ పాల్సీ. మాటలు రావు. తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి మెషీన్ల సాయంతో రోజూ గంటల తరబడి కష్టపడేవాళ్లు. మాట ఉంది, కానీ అవతలివాడికి అర్థం కాదు. విన్నవాళ్లకి ఆ అనుభవమే కలగాలని గొంతుని అలా మార్చాడు. పదేళ్ల తర్వాత, 1993లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ షోలో ఆ ఆల్బమ్‌లోని ‘ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్’ పాటని వోకోడర్ లేకుండా మామూలు గొంతుతో పాడాడు. అప్పుడు తెలిసింది జనానికి, అది తండ్రి కొడుక్కి పాడుతున్న పాట అని. ఆల్బమ్‌లో మూసుకుపోయిన తలుపు స్టేజ్ మీద తెరుచుకుంది. కానీ ఆల్బమ్ వెర్షన్ వినకపోతే ఆ తలుపు బరువు మనకి తెలియదు. రెండూ కావాలి.

కాన్సర్ట్ అంటే ప్రతిసారీ ఆలింగనాలే ఉండవు. 2006లో ఇరాక్ యుద్ధానికి, ప్రెసిడెంట్ బుష్‌కి వ్యతిరేకంగా ఒక ఆల్బమ్ చేసి, క్రాస్బీ, స్టిల్స్, నాష్‌తో కలిసి టూర్‌కి వెళ్లాడు. అట్లాంటాలో బుష్‌ని దించేయాలనే పాట మొదలవగానే కొందరు అరిచారు, తిట్టారు, కొందరు లేచి బయటికి వెళ్లిపోయారు. నీల్ ఆ తిట్లన్నీ షూట్ చేయించి, 2008లో తను తీసిన ‘సీఎస్ఎన్‌వై / డేజా వూ’ డాక్యుమెంటరీలో పెట్టాడు. నచ్చనివాళ్ల మాట కూడా రికార్డులో ఉండాలన్నమాట. అది నాకు గౌరవంగా అనిపించింది.

ఇంకొక్కటి. 1975లో ‘జూమా’ ఆల్బమ్‌కి ‘కోర్టెజ్ ద కిల్లర్’ రికార్డ్ చేస్తుండగా కన్సోల్‌కి కరెంట్ పోయింది. బ్యాండ్‌కి తెలియదు, వాయిస్తూనే ఉన్నారు. ఒక చరణం రికార్డ్ అవ్వలేదు. పర్లేదు, ఆ చరణం నాకు ఎలాగూ నచ్చలేదు అని నీల్ వదిలేశాడు. అలాగే రిలీజ్ అయింది, అలాగే క్లాసిక్ అయింది. 2024 ఏప్రిల్‌లో, శాన్ డియాగోలో టూర్ మొదటి రోజు, 78 ఏళ్ల నీల్ యంగ్ ఆ పోయిన చరణాన్ని పాడాడు. దాదాపు 49 ఏళ్ల తర్వాత! ఆ రాత్రి పాత పాటలే చాలు అని వచ్చినవాడికి, కొత్తది కావాలి అని వచ్చినవాడికి ఒకే పాటలో రెండూ దొరికాయి. ఆ టూర్ కూడా పూర్తవ్వలేదు, మే నెలలో ఆరోగ్య సమస్యలతో ఆపేశారు.

ఇక నా మాట. టికెట్ కొన్నాక మనకి కొన్ని హక్కులుంటాయి. టైమ్‌కి రావాలి, మనసు పెట్టి వాయించాలి, మనల్ని మోసం చేయకూడదు. కానీ ఆ మనిషి 26 ఏళ్ల వయసులోనే ఆగిపోవాలని అడిగే హక్కు టికెట్‌తో రాదు. 1973లో ఆయన జనం అడిగినట్టు హార్ట్ ఆఫ్ గోల్డే పాడుకుంటూ తిరిగి ఉంటే, స్నేహితుడు పోయిన బాధని నవ్వు ముఖంతో కప్పుకోవాల్సి వచ్చేది. మనకి హాయిగా ఉండేదేమో. కానీ అది అబద్ధం. ఆయన పాటలు నాకు ఇష్టమైందే అబద్ధం లేదని.

సరే, ఫోన్‌లో ఎలా వినాలి? 2022 జనవరిలో కోవిడ్ మీద తప్పుడు సమాచారం విషయంలో గొడవపడి స్పాటిఫై నుంచి తన పాటలు తీయించేశాడు. 2024లో మళ్లీ వచ్చాయి. ఆయన సొంత సైట్ నీల్ యంగ్ ఆర్కైవ్స్‌లో మంచి క్వాలిటీలో దొరుకుతాయి.

జతలు జతలుగా వినండి. మొదట హార్వెస్ట్, వెంటనే మాసీ హాల్. తర్వాత రస్ట్ నెవర్ స్లీప్స్, దాని పక్కనే ‘లైవ్ రస్ట్’. మూడోది ట్రాన్స్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్, ఆ తర్వాత అన్‌ప్లగ్డ్ వెర్షన్. ఇవి అయ్యాకే టునైట్స్ ద నైట్‌కి రండి. అది రాత్రిపూట, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒకేసారి మొత్తం. మధ్యలో స్కిప్ చేయొద్దు ప్లీజ్.

విన్నాక మీరు ఏ పార్టీయో తేల్చుకోండి. నేను మాత్రం రెండు పార్టీల మీటింగ్‌కీ వెళ్తాను.