అవ్వ ఓటు వేసింది, నోరు అమ్ముకోలేదు

(విడవలూరులో జరిగిన ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటలు)

 

పోయిన మీటింగ్‌లో ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, మేం జెండా మోసిన నాయకుడు రేపు తప్పు చేసినోడని తేలితే, చరిత్రలో మమ్మల్ని కూడా తప్పు చేసినోళ్లనే రాస్తారా?" ఆ రోజు జవాబు చెప్పలేకపోయినా. ఇంటికి పోయినాక మా అవ్వ గుర్తొచ్చింది.

మా అవ్వ బతికినంత కాలం ఇందిరమ్మకే ఓటేసింది. 1977లో కూడా ఆవూ దూడా గుర్తుకే. ఎందుకో చెప్తా. మా తాత ఒక ఆసామి దగ్గర అప్పు కింద జీతానికి ఉన్నాడు. ఎన్నేళ్లు చేసినా ఆ అప్పు తీరలేదు. యానాది ఇళ్లల్లో ఇది కొత్త కథ కాదు, మీకందరికీ తెలుసు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టినారు. జూలైలో 20 సూత్రాల కార్యక్రమం ప్రకటించినారు. అందులో వెట్టిచాకిరీ రద్దు ఒకటి, పేదలకు ఇళ్ల స్థలాలు ఒకటి. అక్టోబర్‌లో ఆర్డినెన్స్ వచ్చింది, 1976లో అదే చట్టమయింది. మా తాత ఆ గొడ్లచావిడి నుంచి బయటపడినాడు. "ఆయమ్మ లేకుంటే మీ తాత ఆడనే పోయేవోడురా" అనేది అవ్వ.

నేను కాలేజీకి పోయినాక రెండో పక్క చదివినా. అదే ఎమర్జెన్సీలో వేలమందిని విచారణ లేకుండా జైల్లో పెట్టినారు. 1975 డిసెంబర్ 1న ఆదిలాబాద్ రైతుకూలీ పోరాటాల నుంచి వచ్చిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరి తీసినారు. 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసినారు, ఎన్నోచోట్ల బలవంతంగా. శ్రీకాకుళంలో గిరిజన పోరాటాన్ని అణిచిన రోజుల్లో హోం మంత్రిగా ఉన్న జలగం వెంగళరావే అప్పుడు ముఖ్యమంత్రి.

అయినా 1977 ఎన్నికల్లో మన రాష్ట్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచినారు. ఉత్తరప్రదేశ్‌లో, బీహార్‌లో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీయే ఓడిపోయినారు.

ఇవన్నీ చదివి నేను అవ్వ మీద అరిచినా. "అవతల జనాన్ని ఉరి తీస్తా ఉంటే నువ్వు ఓటేసినావా?" అని. అవ్వ ఒకటే మాట అనింది: "మాకు ఎవురు జెప్పినార్రా?"

నిజమే. అవ్వకు చదువు రాదు. వచ్చినా ఏం లాభం? పేపర్ల మీద సెన్సార్ ఉండింది. రేడియో సర్కారుది. అవ్వకు తెలిసింది ఒక్కటే, మొగుడు ఇంటికొచ్చినాడు. ఆ ఓటును తప్పు పట్టే హక్కు నాకు లేదని అప్పుడు అర్థమయింది.

మరి ఎవర్ని తప్పు పట్టాలి? తెలిసినోళ్లను. 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక ప్రశ్న మీద తీర్పు ఇచ్చింది. ఎమర్జెన్సీలో మనిషిని అక్రమంగా జైల్లో పెడితే కోర్టుకు పోవచ్చా అని. ఐదుగురు జడ్జీల్లో నలుగురు పోకూడదన్నారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. ఆయనకు దక్కాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు, రాజీనామా చేసినారు. 2017లో అదే సుప్రీంకోర్టు ఆ నలుగురి తీర్పు తప్పని కొట్టేసింది. ఆ నలుగురిలో ఒకరు వై.వి. చంద్రచూడ్. ఆ తీర్పు తప్పని రాసిన జడ్జి ఆయన కొడుకే. చరిత్ర తీర్పు అంటే ఇట్లా ఉంటుంది. నలభై ఏళ్లు పట్టినా సొంత ఇంట్లో నుంచే రావచ్చు.

అందుకని తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఎవరికి ఓటేసినావు అనే దగ్గర చరిత్ర ఆగదు. నీకేం తెలుసు, తెలిసినాక ఏం చేసినావు అని అడుగుతుంది. అవ్వ దగ్గర జవాబు ఉండింది. మన దగ్గర ఉందా? మన జేబులో ఫోన్ ఉంది. "మాకు ఎవురు జెప్పినార్రా" అనే మాట మనకు చెల్లదు.

నా సంగతి కూడా చెప్తా. సముద్రం పక్క రొయ్యల గుంటల మీద మనోళ్ల కుటుంబం ఒకటి అడ్వాన్స్ తీసుకుని కాపలా ఉండింది. పిల్లోడికి జ్వరమొచ్చినా బాకీ తీరేదాకా పోనీలేదు. గుంట యజమాని ఒక పార్టీ మనిషి. "ఇప్పుడు అర్జీ పెడితే మన నాయకుడికి చెడ్డపేరు, కొంచెం ఆగు" అన్నారు మనోళ్లే. నేను రెండు రోజులు ఆగినా. మూడోరోజు అర్జీ ఇచ్చినాం. అవ్వ కాలంలో వచ్చిన ఆ 1976 చట్టం కిందే ఇచ్చినాం. వాళ్లు బయటికొచ్చినారు. కానీ ఆ రెండు రోజులు గుంట గట్టు మీద పిల్లోడు జ్వరంతో పడున్నాడు. ఆ రెండు రోజుల లెక్క నాదే. ఏ నాయకుడి మీదా తోసెయ్యలేను.

జెండా మోయొద్దని నేను చెప్పను. పట్టా ఇచ్చినోళ్లను, రోడ్డు వేసినోళ్లను గుర్తుపెట్టుకోవడం తప్పు కాదు. అవ్వా అదే చేసింది. ఓటు వెయ్యండి. నోరు మాత్రం మన దగ్గరే పెట్టుకుందాం. మనం మెచ్చిన నాయకుడి మనుషులే మనోడిని గట్టు మీద కట్టేస్తే, ఆ రోజే అర్జీ రాద్దాం. మూడోరోజు కాదు.

జై ఆదివాసీ.