చేతిసంచీలో ఇహ్రామ్

 

మన జమాఅత్‌లో కొందరు ఈ మాసంలో ఉమ్రాకై పయనమవుతున్నారు. వీసా వచ్చినది, టికెట్ చేతికందినది, బంధువుల విందులు ముగిసినవి. “మేము అల్లాహ్ అతిథులము, తక్కినది ఆయనే చూసుకుంటాడు” అని వారిలో ఒకరు నాతో అన్నారు. మాట మంచిదే. కానీ తవక్కుల్ అంటే ఏర్పాట్లు మానుకొనుట కాదు.

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కాను వీడి మదీనాకు పయనమైన తీరును గుర్తు తెచ్చుకోండి. హజ్రత్ అబూబక్ర్ (రజి) రెండు ఒంటెలను నాలుగు నెలల ముందు నుండే మేపి సిద్ధం చేశారు. వాటిలో ఒకదానిని ప్రవక్త (స) ఉచితంగా స్వీకరించక, వెల చెల్లిస్తానన్నారు. మదీనా ఉత్తరాన ఉండగా, ముందుగా దక్షిణాన ఉన్న సౌర్ గుహకు చేరి మూడు రాత్రులు గడిపారు. దారి చూపుటకు అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కూలికి మాట్లాడుకున్నారు. అతడు ముస్లిం కాదు, కానీ ఎడారి దారులు ఎరిగినవాడు, నమ్మదగినవాడు. అల్లాహ్ రక్షణపై ఆయనకున్నంత నమ్మకం మరెవ్వరికున్నది? అయినా ఏ ఒక్క ఏర్పాటునూ ఆయన విడువలేదు.

ఇక మన ప్రయాణం. హైదరాబాదు నుండి జిద్దాకు నేరుగా పోతే సుమారు ఆరు గంటలు. మీఖాత్ దారిలో, ఆకాశంలోనే వస్తుంది. విమానం అక్కడ ఆగదు. అధిక సంఖ్యాక ఉలమా దృష్టిలో జిద్దా మీఖాత్ కాదు గనుక, దిగిన తరువాత ఇహ్రామ్ ధరిద్దామనుకొనుట పొరపాటు. ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటినవాడు వెనుకకు మరలి మీఖాత్‌కు పోవాలి, లేదా దమ్, అనగా బలి ఇవ్వాలి.

ఇక్కడ నా లోపం ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక బృందానికి నేను పెద్దగా వెళ్లాను. తవాఫ్ దుఆలు, సయీ నియమాలు, తల్బియా అన్నీ వారాల తరబడి నేర్పాను. విమానం ఎగిరిన తరువాత ఒక వృద్ధుడు నెమ్మదిగా అడిగారు: “మౌలానా, నా ఇహ్రామ్ పెద్ద పెట్టెలో ఉన్నది, ఎప్పుడిస్తారు?” ఆ పెట్టె విమానం కడుపులో ఉన్నది. ఆయన ముఖం చూడలేకపోయాను. అన్నీ నేర్పిన నేను, ఏ సంచీలో పెట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. వెనుక వరుసలోని ఒక యువకుడు తన చేతిసంచీలోని రెండవ జతను తీసి ఆయన ఒడిలో పెట్టాడు. అతని తల్లి పట్టుబట్టి ఆ జతను అదనంగా పెట్టినదట. ఆ రోజు ఆ తల్లి ఫిఖ్హ్ నా ఫిఖ్హ్ కంటే మిన్న.

మక్కా రాతి కొండల నడుమనున్న పంటలేని లోయ. మతాఫ్‌లోని తెల్లని చలువరాయి పాదాలను కాల్చదు గాని, తల మీది ఎండకు దయ ఉండదు. 2024 హజ్‌లో 1,300 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు అనుమతి పత్రాలు లేక, నీడ లేక, ఎండలో బహుదూరం నడిచినవారే. కనుక చవకగా వస్తుందని అడ్డదారి చూపే దళారిని నమ్మకండి. వేసవిలో పోయేవారు తవాఫ్‌ను ఇషా తరువాత గాని, ఫజ్ర్‌కు ముందు గాని పెట్టుకోండి. ఇహ్రామ్‌లోని పురుషుడు తలపై వస్త్రం కప్పరాదు గాని, గొడుగు పట్టుకొనవచ్చును. మధుమేహం ఉన్నవారి ఇన్సులిన్, మందుల చీటీ కూడా చేతిసంచీలోనే ఉండాలి.

అప్పులున్నవారు పయనానికి ముందే తీర్చండి. తీర్చలేకపోతే అప్పిచ్చినవాని అనుమతి తీసుకొని, లెక్క వ్రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.

వచ్చే గురువారం అసర్ తరువాత, బయలుదేరుతున్న వారందరూ మస్జిద్‌కు రండి. చేతిసంచీ తెచ్చుకోండి. ఈసారి నేనే విప్పి చూస్తాను.