విద్యార్థుల ముంబయి యాత్ర



మన వసతిగృహమునందలి వాణిజ్య విద్యార్థులను ఈ యేడు ముంబయి దలాల్ వీధికి పంపవలెనని నా మనవి. “ధనార్జనమునకా?” యని కొంద ఱడుగవచ్చును. కాదు, ధనరక్షణము నేర్చుటకు.

1850 దశకమున ఆ నగరమందు మఱ్ఱిచెట్ల నీడను గూడిన షేరు దళారులు 1875లో సంఘముగా నేర్పడిరి. ఈ నడుమనే అమెరికా అంతర్యుద్ధమువలన మన ప్రత్తిధర మిన్నుముట్టగా, జనులు విచారింపక వాటాలు కొనిరి. 1865లో యుద్ధము ముగిసెను, ధర కూలెను, వర్తకు లనేకులు దివాలా తీసిరి. నేడచ్చట నాటి కేకలు వినరావు. 1995 మొదలు బేరములు కంప్యూటర్లపై జరుగుచున్నవి. 1992 నాటి శాసనముచే అధికారము వడసిన సెబీ యను సంస్థ వానిని కనిపెట్టుచున్నది. అయినను వాటాదారుని నష్టమునకు హామీ యిచ్చువారు లేరు.

వాటా యననేమి, కంపెనీ లెక్కల నెట్లు చదువవలెను అని పిల్లలు అడిగి తెలిసికొని వచ్చి, తమ యిండ్లలో చెప్పుదురు గాక! పొలమమ్మిన సొమ్మును, బిడ్డ పెండ్లికి దాచిన సొమ్మును పరుల మాట నమ్మి యొడ్డు దురవస్థ అప్పుడు తగ్గును. బాలికలనుగూడ పంపుడు, ఇంటి పొదుపు వారి చేతిలోనిదే కదా. ప్రయాణవ్యయమును దాతలు వహింపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.