ముసవ్విర్ ఇచ్చిన ముఖం

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయనే మనల్ని మాతృగర్భంలో తాను కోరిన విధంగా తీర్చిదిద్దాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరులందరి పైన శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! తెరకు అవతల కూర్చొని వింటున్న సోదరీమణులారా!

అల్లాహ్ శుభనామాలలో 'అల్ ముసవ్విర్' ఒకటి. సూరా హష్ర్ చివరి ఆయత్‌లో ఈ నామం వస్తుంది. రూపాన్ని ప్రసాదించేవాడని దీని అర్థం. మనం ఉర్దూలో ఫోటోను 'తస్వీర్' అంటాము. ఈ రెండు పదాలూ ఒకే ధాతువు నుండి పుట్టినవి. ఫోటో తీయడం గురించి పండితుల మధ్య ఉన్న చర్చలోకి ఈరోజు మేము పోము, దానికి వేరే సందర్భం ఉంది. ముసవ్విర్ చేసిన పనిని తస్వీర్ దిద్దడం మొదలుపెట్టిన సంగతి గురించి మాత్రమే ఈ జుమాలో నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఫోటోను దిద్దడం నిన్న మొన్నటి విద్య కాదు. వెనుకటి స్టూడియోలలో నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో ముఖంలోని మచ్చలను, ముడతలను కప్పేవారు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన ముఖచిత్రంలో ఇమడడం కోసం ఈజిప్టులోని గిజా పిరమిడ్లను కంప్యూటర్ సాయంతో దగ్గరికి జరిపింది. వేల ఏళ్ళుగా కదలని రాళ్ళే కదిలినప్పుడు మనిషి ముఖం ఎంత? 1990లో ఫోటోషాప్ వచ్చింది. పత్రికల అట్టల మీద, వ్యాపార ప్రకటనలలో నడుములు సన్నబడ్డాయి, చర్మం మీది రంధ్రాలు మాయమయ్యాయి, ఛాయ తేలిపోయింది. అయితే ఆ రోజుల్లో ఈ పని చేయడానికి నిపుణుడు కావాలి, సమయం కావాలి. ఈనాడు పన్నెండేళ్ళ పిల్ల చేతిలోని ఫోను క్షణంలో కళ్ళు పెద్దవి చేస్తుంది, దవడ సన్నబరుస్తుంది, రంగు తెల్లబరుస్తుంది. కొన్ని ఫోన్లలో మనం అడగకుండానే ముందు కెమెరా ఆ పని చేసిపెడుతుంది. అంటే ఆ పిల్ల తన అసలు ముఖాన్ని ఫోటోలో చూడనే లేదన్నమాట. ఆ తరువాత అద్దం ముందు నిలబడితే, అద్దమే తప్పు చూపిస్తున్నదనిపిస్తుంది.

దీని హానిని ధార్మిక పండితులు మాత్రమే చెబుతున్నారని అనుకోకండి. శరీర ఆకృతిని సన్నగానో లావుగానో మార్చిన వాణిజ్య చిత్రాలపై 'దిద్దిన ఫోటో' అని వ్రాయాలని ఫ్రాన్స్ 2017 అక్టోబరు నుండి నియమం పెట్టింది. నార్వేలో అటువంటి చట్టమే 2022 జూలైలో అమలులోకి వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ యజమానుల సొంత పరిశోధన పత్రాలు 2021లో బయటపడ్డాయి. తమ శరీరం గురించి బాధపడుతున్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను మరింత పెంచిందని కౌమార బాలికలలో 32 శాతం మంది చెప్పినట్లు వాటిలో ఉంది. మన దేశంలోనైతే 1975 నుండి 'ఫెయిర్' అన్న పేరుతో అమ్ముడుపోయిన క్రీము 2020లో పేరు మార్చుకుంది. పేరు మారింది గానీ మన ఇళ్ళలోని చూపు మారలేదు. ఆ చూపు వల్లనే అనుమతి లేని తెల్లబరిచే క్రీములు కూడా అమ్ముడవుతున్నాయి. వాటిలో కొన్నింటిలో ఉండే పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తూనే ఉంది.

సోదరులారా! ఈ విషయం మన నిఖాహ్‌ల దాకా వచ్చింది గనుకనే మింబర్ మీద మాట్లాడవలసి వచ్చింది. ఇప్పుడు రిష్తా అంటే ముందుగా వాట్సాప్‌లో వచ్చే ఫోటో. పేరు, చదువు, దైవభీతి, నడవడి, ఇవన్నీ ఆ తరువాతి మాటలు. ఫోటో నచ్చితేనే మిగిలినది చదువుతారు. ఒక సంబంధం విషయంలో మధ్యవర్తిత్వం కోసం ఇరుపక్షాలూ మా వద్దకు వచ్చాయి. అమ్మాయి ఫోటోను ఆమె ఖాలా స్టూడియోలో దిద్దించి పంపింది. అమ్మాయికి ఆ సంగతే తెలియదు. అబ్బాయి తరఫు వారు వచ్చి చూశారు. ఛాయ తగ్గిందన్నారు. సంబంధం వదులుకుంటామని మాత్రం అనలేదు. ఫోటోకు తగినట్లు లేదు గనుక 'జోడే కీ రఖం' పెంచమన్నారు! ఆ తండ్రి మమ్మల్ని అడిగినది ఒక్కటే: "మౌలానా, ఉన్న ప్లాటు అమ్మనా?" అమ్మవద్దని చెప్పాము. ఆ సంబంధం కుదరలేదు.

ఇందులో ఖాలా చేసినది మోసమే. మదీనా అంగడిలో ధాన్యపు రాశి వృత్తాంతం మీరందరూ విన్నదే. దైవప్రవక్త (స) ఆ రాశిలోకి చేయి పోనిచ్చారు, వేళ్ళకు తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. జనులకు కనబడేలా తడి గింజలను పైన ఉంచవలసిందని, మోసగించేవాడు తమ వాడు కాడని ఆయన హెచ్చరించారు. అమ్మకానికి ముందు మేకల పొదుగులో పాలు పిండకుండా నిలిపి, నిండుగా చూపించడాన్ని కూడా ఆయన నిషేధించారు. అక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. చూసేవాని కంటిని పక్కదారి పట్టించారు, అంతే. దిద్దిన ఫోటో చేసే పనీ అదే.

అయితే ఇక్కడ ఆగి ఆలోచించాలి. మనిషిని ధాన్యంతోనో, మేకతోనో పోల్చడం మా ఉద్దేశం కాదు. అసలు ఈ పోలిక ఒకచోట చెల్లదు కూడా. ఆ వర్తకుడు దాచినది నిజమైన లోపం. తడిసిన గింజ కుళ్ళిపోతుంది. మరి ఆ అమ్మాయి చామనఛాయ ఏ లోపం? మాటలాడే భాషలలోని, రంగులలోని తేడాలు అల్లాహ్ సూచనలని సూరా రూమ్ బోధిస్తున్నది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మనకు ఆ సూచన అర్థం తెలియాలి. తెల్లవానికి నల్లవానిపై ఏ ఆధిక్యతా లేదని, దైవభీతి ఒక్కటే కొలమానమని హజ్జతుల్ విదా సందర్భంలో దైవప్రవక్త (స) చాటారు. లోపం కానిదాన్ని లోపమని దాచడంలో రెండు తప్పులున్నాయి. ఒకటి మోసం. రెండవది, ముసవ్విర్ పని బాగాలేదని అనడం. మొదటి తప్పు ఖాలాది. రెండవ తప్పు మాత్రం ఆమె ఒక్కదానిదే కాదు. ఛాయకు ధర కట్టి రఖం పెంచమన్న వారిది అంతకంటే పెద్ద పాలు. మహర్ ఇవ్వవలసిన వారు, చర్మానికి లెక్కకట్టి పుచ్చుకోవడానికి ఏ షరీఅత్‌లో అనుమతి దొరికిందో మాకు తెలియజేయండి.

అలంకరణే తప్పని మేము అనడం లేదు. అల్లాహ్ అందమైనవాడు, అందాన్ని ప్రేమిస్తాడని హదీసు ఉంది. శుభ్రమైన దుస్తులు, అత్తరు, సుర్మా, గోరింటాకు, ఇవన్నీ ధర్మసమ్మతమే. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి)కు బంగారు ముక్కు పెట్టుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతినిచ్చారు. గాయాన్ని నయం చేసుకోవడం వేరు, ఉన్న ముఖాన్ని చూసి సిగ్గుపడడం వేరు. కండలు పెంచిన ఫోటోలు పెట్టుకునే మన యువకులకూ ఈ మాట వర్తిస్తుంది. గడ్డానికి నల్లరంగు పూసుకొని మొదటి వరుసలో కూర్చున్న మా వయసు వారూ నవ్వుకోనవసరం లేదు.

ఇబ్నె మస్ఊద్ (రజి) ఒకసారి మిస్వాక్ కోసం చెట్టెక్కారు. గాలికి దుస్తులు తొలగి, ఆయన సన్నని పిక్కలు కనబడ్డాయి. సహచరులు నవ్వారు. ఆ కాళ్ళు త్రాసులో ఉహుద్ కొండ కన్నా బరువైనవని దైవప్రవక్త (స) వారికి తెలిపారు. జాహిర్ (రజి) అనే ఎడారి వాసి ఉండేవారు. చూడడానికి అందగాడు కారు. ఆయన అంగడిలో సరుకు అమ్ముకుంటుండగా దైవప్రవక్త (స) వెనుక నుండి వచ్చి కౌగిలించుకొని, ఈ బానిసను ఎవరు కొంటారని పరిహాసమాడారు. తనకు ఏ ధరా పలకదని జాహిర్ అన్నారు. అల్లాహ్ వద్ద నీవు చవకైనవాడివి కావని దైవప్రవక్త (స) బదులిచ్చారు. ఆ కౌగిలి గురించి కాస్త ఆలోచించండి. తన రూపం గురించి తనకే చులకన ఉన్న మనిషిని, అందరూ చూసే అంగడి నడుమ, మానవులలో శ్రేష్ఠులు హత్తుకున్నారు.

ఇక మేము కోరేది స్వల్పమే. రిష్తా కోసం ఫోటో పంపేవారు ఫిల్టరు తీసివేసి, పగటి వెలుగులో తీసినది పంపండి. నిఖాహ్ నిశ్చయానికి ముందు అమ్మాయిని ఒకసారి చూడమని దైవప్రవక్త (స) ముగీరా (రజి)కు సలహా ఇచ్చారు. పెద్దల సమక్షంలో, మర్యాదతో ఆ సున్నత్‌ను పాటిస్తే ఫోటో అవసరమే తగ్గుతుంది. అబ్బాయి తల్లులారా! చూపులకు వెళ్ళినప్పుడు ఆ పిల్ల వినేలా ఛాయ ప్రస్తావన తేవద్దు. సొంత ఇంట్లో కూడా 'కాలీ', 'కల్లూ' అని పిల్లలను పిలిచే అలవాటు మానండి. మారుపేర్లతో ఎగతాళి చేయడాన్ని సూరా హుజురాత్ నిషేధించింది, ముద్దుకు పిలిచామంటే సరిపోదు. ఇక ఇప్పటికే దిద్దిన ఫోటో పంపి, జవాబు కోసం ఎదురుచూస్తున్న వారెవరైనా ఉంటే, ఈ సాయంత్రమే అసలు ఫోటోను పంపండి.

ఈ మాటలు పలికి, మా కొరకు, మీ కొరకు, సమస్త ముస్లిముల కొరకు అల్లాహ్‌ను మన్నింపు వేడుకుంటున్నాము. మీరూ ఆయనను వేడుకోండి.