తప్పు చేయని చలానాకు తల వంచనక్కరలేదు

(మైనారిటీ యువజనుల న్యాయ అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. ప్రభుత్వ కార్యాలయంలో మూడు దశాబ్దాలకు పైగా దస్త్రాల నడుమ గడిపిన గుమాస్తాను. కాగితం లేని మాట గాలిలో కలిసిపోతుందని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. నేటి నా ప్రసంగానికి అదే ఆధారం.

మా వీధిలో మోపెడ్‌పై ఊరూరా తిరిగి బట్టలమ్మే యువకుడొకడున్నాడు. హెల్మెట్ లేదని అతనికొక ఈ-చలానా వచ్చింది. అందులోని ఛాయాచిత్రంలో ఉన్నది స్కూటరు. నెంబరు పలకపై బురద అంటుకొని చివరి అంకె తప్పుగా చదవబడింది. వెళ్లి అడుగుదామన్నాను. "చాచా, డబ్బు పోతే పోయింది. నా పేరు వినగానే కోర్టులో నన్ను మరోలా చూస్తారు" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. జరిమానా అతని సంపాదనను మాత్రమే తీసుకుంటుంది. ఈ భయం అతని పౌరసత్వ స్పృహనే తీసుకుంటున్నది.

చలానా తీర్పు కాదు, ఆరోపణ మాత్రమే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 200వ సెక్షన్ ప్రకారం కొన్ని నేరాలకు నిర్ణీత రుసుము చెల్లించి రాజీ కావచ్చు. ఆ రాజీకి అంగీకరించని వారికి న్యాయస్థానం తలుపు తెరిచే ఉంటుంది. కెమెరాల వంటి ఎలక్ట్రానిక్ పరికరాల ద్వారా నమోదయ్యే నేరాలకు 2021 ఆగస్టులో 167-ఏ నిబంధన వచ్చింది. నిర్ణీత గడువులోగా నోటీసు పంపాలనీ, చలానాతో నెంబరు పలక కనిపించే స్పష్టమైన ఛాయాచిత్రం, తేదీ, సమయం, స్థలం ఉండాలనీ అది నిర్దేశిస్తున్నది. చలానా రాగానే మొదట పరిశీలించవలసినవి ఇవే.

మేము ముందుగా ట్రాఫిక్ పోలీసు కార్యాలయంలో అర్జీ ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకున్నాము. జవాబు రాలేదు. కొంతకాలానికి సమన్లు వచ్చాయి. మేజిస్ట్రేట్ ఆరోపణ చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటావా అని అడిగారు. "లేదండీ, ఆ బండి నాది కాదు" అన్నాడు. రిజిస్ట్రేషన్ పత్రం, మోపెడ్ ఛాయాచిత్రం, అర్జీ నకలు సమర్పించాడు. రెండు వాయిదాల తరువాత కేసు కొట్టివేయబడింది. అతన్నెవరూ మరోలా చూడలేదు.

నిజం దాచను. ఆ రెండు వాయిదాలకు పోయిన కూలి జరిమానా కంటే ఎక్కువే. అయినా ఇప్పుడతను ఇతరుల చలానాలు చదివి పెడుతున్నాడు. ఆ లాభాన్ని రూపాయలలో లెక్కించలేము.

మరి రెండు విషయాలు. లోక్ అదాలత్ తప్పు ఒప్పుకొని రాజీపడదలచిన వారికి మేలైనది. అక్కడి అవార్డు అంతిమం, దానిపై అప్పీలు లేదు. కనుక నిర్దోషినని వాదించదలచినవారు అక్కడ సంతకం చేసే ముందు ఆలోచించాలి. రెండవది, ఉచిత న్యాయ సహాయం. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ మతాన్ని బట్టి ఈ హక్కు ఇవ్వలేదు. అయితే స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఇచ్చింది. నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయం గలవారికీ ఇచ్చింది. మన బస్తీలలో ఎందరో దీనికి అర్హులే. అడిగేవారే కరువు.

హక్కుల గురించి చెప్పినవాడు బాధ్యత గురించి కూడా చెప్పాలి. తలపై టోపీ ఉన్నంత మాత్రాన హెల్మెట్ అక్కరలేదనుకోవడం పొరపాటు. 129వ సెక్షన్‌లోని మినహాయింపు తలపాగా ధరించిన సిక్కులకు సంబంధించినది. బండిపై ముగ్గురెక్కి పట్టుబడితే దానిని వివక్ష అనలేము. మైనరు కుమారునికి బండి ఇచ్చిన తండ్రికి 199-ఏ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. మన తప్పులను సమర్థించుకుంటూ పోతే, నిజమైన అన్యాయం జరిగిననాడు మన మాటకు విలువ ఉండదు.

చివరగా ఒక విన్నపం. ప్రతి మసీదు కమిటీ వారానికొక సాయంత్రం ఒక బల్ల, రెండు కుర్చీలు వేయాలి. నావంటి విశ్రాంత ఉద్యోగులు అర్జీలు వ్రాసి పెడతారు. తప్పు చేసినవాడు జరిమానా కట్టాలి. చేయనివాడు నిటారుగా నిలబడి ఆ మాట చెప్పగలగాలి. మన పిల్లలు న్యాయస్థానాన్ని భయంతో కాక, తమ ఇంటి పక్కనున్న తపాలా కార్యాలయాన్ని చూసినంత సహజంగా చూసే రోజు రావాలి.

సెలవు. ఖుదా హాఫిజ్.