గొంతులతో ఆడే ఆట: దూరాన ఉన్న దోస్తులతో రోల్ ప్లేయింగ్ గేమ్

కలకడ నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చాను. ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఇంటర్వ్యూ ప్రశ్నలు లేవు. ఒక ఆట గురించి మాట్లాడుకుందాం. మా బీటెక్ బ్యాచ్‌లో ఐదుగురం 2020 జూన్ నుంచి ఈ ఆట ఆడుతున్నాం. ఐదుగురం ఒకే గదిలో కూర్చుని ఆడింది మాత్రం రెండేసార్లు. మిగతాదంతా ఇంటర్నెట్ కాల్‌లోనే. వీడియో కూడా ఉండదు, వట్టి గొంతులే.

దీన్ని టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. స్ట్రేంజర్ థింగ్స్ చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మొదటి ఎపిసోడ్‌లోనే నలుగురు పిల్లలు టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక రాక్షసుడు వస్తున్నాడని భయపడుతూ పాచిక వేస్తారు కదా, అదే. వాళ్ళు ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్. ఈ రకం ఆటలన్నింటికీ అది పెద్దన్న లాంటిది.

ఎలా ఆడతారో సింపుల్‌గా చెప్తాను. ఒకరు కథ నడుపుతారు. ఇంగ్లీషులో గేమ్ మాస్టర్ అంటారు, మేము సూత్రధారి అంటాం. మిగతావాళ్ళకు తలా ఒక పాత్ర. ఆ పాత్రకు బలం ఎంత, చురుకు ఎంత, ఓర్పు ఎంత, తెలివి, వివేకం, ఆకర్షణ ఎంతెంత అని ఒక కాగితం మీద అంకెలు రాసుకుంటారు. సూత్రధారి అంటాడు: "మీరు కోట గోడ కింద ఉన్నారు. చీకటి. పైన కాపలావాడు కునికిపాట్లు పడుతున్నాడు. ఏం చేస్తారు?" ఒకరు "గోడ ఎక్కుతా" అంటారు. ఎక్కగలడా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పడిన అంకెకు తన బలాన్ని బట్టి ఒకటో రెండో కలుపుకోవాలి. సులువైన పనికి కనీసం 10 రావాలి, మధ్యరకం పనికి 15, కష్టమైనదానికి 20. వస్తే ఎక్కాడు. రాకపోతే రాయి జారింది, కాపలావాడు కళ్ళు తెరిచాడు. అక్కడి నుంచి కథ ఎటు పోతుందో సూత్రధారికి కూడా తెలియదు.

ఇరవై ముఖాల పాచిక ఎందుకు, మన గవ్వలు చాలవా అని మా అమ్మ అడిగింది. మంచి ప్రశ్న. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. ఒక్కో గవ్వ వెల్లకిలా పడేందుకు సగం, బోర్లా పడేందుకు సగం అవకాశం ఉందనుకోండి. నాలుగూ ఒకేలా వెల్లకిలా పడే అవకాశం 16లో 1. రెండు అటూ రెండు ఇటూ పడే అవకాశం 16లో 6. అంటే గవ్వలు ఎప్పుడూ మధ్యకే లాగుతాయి. ఇరవై ముఖాల పాచికకు మధ్య అంటూ లేదు. ఒకటి పడ్డానికీ ఇరవై పడ్డానికీ సమానంగా 5 శాతం. అందుకే మహావీరుడు కూడా ఒక్కోసారి గడప తట్టుకుని పడతాడు, పిరికివాడు ఒక్కోసారి పులిని చంపుతాడు. కరెంటు పోయి, ఫోన్ చార్జింగ్ అడుగంటిన రోజున మేము గవ్వలతో కూడా ఆడాం. ఆట నడిచింది గానీ ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. అంత నెమ్మదిగా సాగింది.

ఇప్పుడు మన వైపు వాళ్ళకు ఒక మాట. చిత్తూరు సీమలో పుట్టిన ఎవరికైనా ఈ ఆట పూర్తిగా కొత్తేమీ కాదు. ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే మహాభారత ఉత్సవాలు చూసే ఉంటారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. అర్జునుడి వేషం వేసినాయన తపస్సు మాను ఎక్కి పద్యాలు పాడుతుంటే కింద జనం చేతులు చాచి నిలబడతారు. చివరి రోజు నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడిని చేసి వధ చేస్తారు, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. ఆ రోజుల్లో వేషం కట్టినాయన్ని ఊళ్ళో పేరు పెట్టి పిలవరు, భీముడు వచ్చినాడు అంటారు. మనిషి ఇంకొకరి పాత్రలోకి పోవడం, దాన్ని చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకోవడం మనకు అలవాటే. తేడా ఒక్కటే. అక్కడ చివరి రోజు దుర్యోధనుడు పడతాడని అందరికీ తెలుసు. ఇక్కడ పాచిక పడేదాకా ఎవరికీ తెలియదు.

ఇంకో సంగతి. ఈ ఆట పుట్టిందే దూరాన ఉన్న ఇద్దరి మధ్య. గ్యారీ గైగాక్స్ విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో ఉండేవాడు. డేవ్ ఆర్నెసన్ పక్క రాష్ట్రం మిన్నెసోటాలో ఉండేవాడు. ఆర్నెసన్ 1972 చివర్లో లేక్ జెనీవాకు పోయి తన బ్లాక్‌మూర్ ఆటను గైగాక్స్‌కు ఆడి చూపించాడు. ఆ తర్వాత రూల్స్ అంతా ఉత్తరాల్లో, ఫోన్లలో నడిచింది. 1974లో మూడు చిన్న పుస్తకాలను ఒక పెట్టెలో పెట్టి అమ్మారు. మొదటి ముద్రణ 1000 కాపీలు. కాబట్టి కాల్‌లో ఆడితే అసలు ఆట కాదని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

సరే, వీడియో ఎందుకు వద్దన్నామో చెప్తాను. మొదటి కారణం డేటా. డిస్కార్డ్ లాంటి యాప్‌లో వాయిస్ ఛానల్ మామూలుగా సెకనుకు 64 కిలోబిట్లు తీసుకుంటుంది. లెక్క వేస్తే గంటకు 29 ఎంబీ లోపే. మా వీధిలో సిగ్నల్ ఒక గీత ఉన్నా సరిపోతుంది. రెండో కారణం ముఖ్యమైనది. మొహాలు కనిపిస్తే మనం ఫ్రెండ్స్‌నే చూస్తాం. వాడి వెనకాల గోడ, వాడి బట్టతల, పక్కన పడేసిన దుప్పటి. గొంతు మాత్రమే ఉంటే కోట కనిపిస్తుంది. నాయనమ్మ చీకట్లో కథ చెప్తే రాజకుమారుడు ఎలా కనిపించేవాడో గుర్తు తెచ్చుకోండి.

కానీ గొంతుకు ఒక తిప్పలు ఉంది. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపి ఇంకొకరు మొదలుపెట్టడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతు, అంటే 200 మిల్లీసెకన్లు. ఇక్కడి నుంచి అమెరికాలో డల్లాస్‌కు తిన్నగా లెక్కేసినా 15,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోవడానికే 75 మిల్లీసెకన్లు, రావడానికి ఇంకో 75. కేబుళ్ళ వంకర్లు, మధ్యలో రౌటర్లు, వైఫై అన్నీ కలిపితే ఇంకా ఎక్కువ. అందుకే మామూలు గ్రూప్ కాల్‌లో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకేసారి ఆగుతారు, "నువ్వు చెప్పు", "లేదు నువ్వే చెప్పు" అంటారు. మనకున్న ఊ కొట్టే అలవాటు కూడా ఇబ్బందే. నా వాక్యానికి కొట్టిన ఊ తర్వాతి వాక్యం మధ్యలో వచ్చి పడుతుంది.

ఈ ఆటలో వంతు ఉంటుంది. సూత్రధారి పాత్ర పేరు పెట్టి పిలుస్తాడు, ఆ ఒక్కరే మైక్ ఆన్ చేస్తారు. ఎంతసేపు మౌనంగా ఉన్నా ఫర్వాలేదు, ఆలోచిస్తున్నాడని అర్థం. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. మామూలు కాల్‌లో ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే "సరే మామా, ఉంటా మరి" అనేస్తాం. మా కాల్స్ కూడా 2020కి ముందు అట్లాగే ఉండేవి. ఎట్లా ఉన్నావు, వర్షం పడిందా, హైక్ ఎంత, పెళ్ళెప్పుడు. పది నిమిషాల్లో అయిపోయేవి. చెప్పుకోవడానికి వార్తలుంటేనే ఫోన్ చేయాలన్నట్టు ఉండేది. మంచి వార్త లేనివాడు ఫోన్ ఎత్తడం మానేసేవాడు.

ఇక్కడ మా గుర్రంకొండ ఆట గురించి చెప్పాలి. కలకడ నుంచి గుర్రంకొండ దగ్గరే. కొండ మీద కోట, కింద రంగినీ మహల్, మన వైపు వాళ్ళంతా చూసినవే. ఆ కొండకు ఆ పేరు రావడం మీద ఒక కథ ఉంది. కోటకు ఒక గుర్రం కాపలా ఉండేదట. అది అక్కడ ఉన్నంతకాలం కోటను ఎవరూ పట్టలేరట. చివరికి ఒక మరాఠా నాయకుడు నిట్టనిలువు బండ ఎక్కి ఆ గుర్రాన్ని ఎత్తుకుపోయాడని, అప్పుడు కోట పడిందని చెప్తారు. డ్రాగన్లు, ఎల్ఫులు మాకు ఎలాగూ నోరు తిరగవు. ఈ కథనే ఆటగా చేశాను. నలుగురు దొంగలు, ఒక రాత్రి, ఒక గుర్రం.

గుర్రాన్ని బండ మీద నుంచి కిందికి ఎలా దించాలి? దీని మీదే మొదటి రాత్రి నలభై నిమిషాలు వాదన. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా మెకానికల్ వాడు మోకులు, కప్పీలు, గుర్రం బరువు అని లెక్కలు మొదలుపెట్టినాడు. బెంగళూరు వాడు "కళ్ళకు గంతలు కట్టి మెట్ల మీదే నడిపిద్దాం రా" అన్నాడు. మదనపల్లెలో ఉన్న అమ్మాయి, మాలో అందరికంటే తెలివైనది, కాపలావాళ్ళకు రాగి సంగటిలో మత్తుమందు కలపాలంది. పాచిక వేసింది, 19. కాపలావాళ్ళు పడుకున్నారు.

డల్లాస్ వాడి పాత్ర ముందే గుర్రం దగ్గరికి చేరుకుంది. వాడి వంతు వచ్చింది. "ఏం చేస్తావు?" అన్నాను. చాలాసేపు మాట లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాం. తర్వాత అన్నాడు: "గుర్రంతో మాట్లాడతా. నువ్వు ఇక్కడ ఉన్నంతసేపే నీకు గడ్డి వేస్తారు. కోట పడిపోతే నీ మొహం ఎవరూ చూడరు. ఇంటికి పోదాం వస్తావా అని అడుగుతా."

గుర్రం ఏమంటుందో చెప్పాల్సింది నేను. "ఇల్లు ఎక్కడుందో దానికి గుర్తు లేదు" అన్నాను. మళ్ళీ మౌనం. అప్పుడు వాడు, పాత్ర గొంతుతో కాదు, వాడి గొంతుతోనే చెప్పినాడు: "మామా, నాకు జాబ్ పోయి మూడు వారాలైంది. ఇంట్లో చెప్పలేదు. ఇంక 39 రోజులుండాయి."

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు ఆ లెక్క తెలుసు. ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవాలి, లేదంటే దేశం విడిచి రావాలి. ఆ మూడు వారాల్లో వాడు మా గ్రూప్‌లో జోకులు పంపుతూనే ఉన్నాడు, ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రాత్రి ఆట అక్కడే ఆపేశాం. తెల్లవారుజాము మూడు దాకా కూర్చుని రెజ్యూమే దిద్దాం, తెలిసినవాళ్ళ లిస్టు రాశాం. ఉద్యోగం రాలేదు. 60 రోజులు అయ్యేలోపు వాడు తిరిగి వచ్చేసినాడు. ఇంట్లో ఎలా చెప్పాలో కూడా నలుగురం కలిసే ఆలోచించాం. ఇప్పుడు పుంగనూరులో ఉంటూ రిమోట్ ఉద్యోగం చేస్తున్నాడు. ఇదంతా వాడిని అడిగే మీకు చెప్తున్నాను. "గుర్రం కథ కూడా చెప్పు" అని వాడే అన్నాడు.

ఆట ఆడితే కష్టాలు తీరతాయని నేను అనడం లేదు. వాడి వీసాను ఏ పాచికా కాపాడలేదు. కానీ ఎట్లా ఉన్నావు అని నేరుగా అడిగితే మన మగపిల్లలు "బాగున్నా" అనే అంటారు. ఆ ప్రశ్నకు వేరే జవాబు మనకు నేర్పలేదు. గుర్రంతో మాట్లాడమంటే మాట్లాడతారు. వారం వారం రెండు గంటలు కలిసి చేసే పని ఒకటి ఉంటే, నోరు తెరవడానికి మంచి వార్త ఉండాల్సిన పని లేదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు మూడు నాలుగు మాటలు. నలుగురైదుగురు చాలు, ఆరు దాటితే వంతు రావడానికి గంట పడుతుంది. పుస్తకం కొననక్కర లేదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలారు. 400 పేజీలు ఉంటుంది, భయపడకండి, మొదటి రాత్రికి పది పేజీలు చాలు. పాచిక లేకపోతే ఫోన్‌లో యాప్ ఉంటుంది. ఇంట్లో వేసిన పాచికను నిజం చెప్తున్నాడా అని అడగొద్దు. అబద్ధం చెప్పేవాడికి మూడో వారానికి వాడికే విసుగొస్తుంది.

టైమ్ ముందే ఖాయం చేసుకోండి. మాది ఆదివారం రాత్రి 8:30. అప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎండాకాలం సాయంత్రం 5, చలికాలం 4. డల్లాస్‌లో ఎండాకాలం ఉదయం 10, చలికాలం 9 అయ్యేది. అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం మారుతుంది, యూరప్‌ది చివరి ఆదివారం. ఆ మధ్య వారాల్లో ఎవరో ఒకరు గంట తప్పుతారు. క్యాలెండర్‌లో భారత కాలమానంతోనే పెట్టుకోండి, ఆ గొడవ ఉండదు. ఒకరు రాకపోయినా ఆట ఆపొద్దు. రానివాడి పాత్రకు జ్వరం వచ్చిందని చెప్పి గుడిసెలో పడుకోబెట్టండి. ఇట్లాంటి గ్రూపులు కొట్లాడుకుని విడిపోవడం తక్కువ, "వచ్చే వారం చూద్దాం" అనుకుంటూ ఆగిపోవడమే ఎక్కువ.

వచ్చే ఎపిసోడ్‌లో ఒక పాత్ర కాగితం ఎలా రాసుకోవాలో తెలుగులోనే చేసి చూపిస్తాను. ఒక పెన్సిలు, ఒక తెల్ల కాగితం పక్కన పెట్టుకోండి. ఈ లోపు చాలా రోజులుగా ఫోన్ చేయని ముగ్గురి పేర్లు రాసి ఉంచండి. ఉంటాను, నమస్తే.